ప్లేట్‌లెట్లు ఎన్నున్నాయట?

వానాకాలంలో ఊరి నుంచి ఫోనొచ్చి ఎవరికో డెంగీ అని తెలిస్తే, మన నోట వచ్చే మొదటి ప్రశ్న ఇదే. ఇరవై వేలకు పడిపోయాయంటే మన కాళ్లూ చేతులూ ఆడవు. బొప్పాయి ఆకు రసం పట్టమని సముద్రాల ఇవతలి నుంచే పురమాయిస్తాం. ప్లేట్‌లెట్లు తగ్గితే రక్తం కారుతుందని మన ఇళ్లలో చిన్నపిల్లలకూ తెలుసు. అవి తగ్గుతూనే రక్తం గడ్డలు కట్టే జబ్బు ఒకటుందంటే మాత్రం నమ్మబుద్ధి కాదు.

నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ వైద్యుడు స్టీఫన్ మోల్, కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన థియొడోర్ వార్కెంటిన్, వారి సహచరులు 2023లో అలాంటి ఇద్దరు రోగుల గురించి రాశారు. ఒకరు ఐదేళ్ల బాబు, మెదడు సిరలో గడ్డ. రెండోవారు పెద్దవారు, పక్షవాతం, గుండెపోటు, కాళ్లలోనూ చేతుల్లోనూ గడ్డలు. ఇద్దరికీ అంతకు ముందే అడినోవైరస్ సోకింది. డేకేర్ నుంచి మన పిల్లలు మోసుకొచ్చే దగ్గు, జ్వరం, కళ్లకలక వెనక ఉండే వైరస్‌లలో అదొకటి.

వైరస్‌తో పోరాడే క్రమంలో, ఎక్కడో నూటికో కోటికో ఒకరి ఒంట్లో, దారితప్పిన యాంటీబాడీ ఒకటి పుడుతుంది. ప్లేట్‌లెట్లు విడిచే పీఎఫ్4 అనే ప్రోటీన్‌ను అది పట్టుకుంటుంది. దాంతో ప్లేట్‌లెట్లు రెచ్చిపోయి ఒకదానికొకటి అతుక్కుంటాయి. లెక్కలో తగ్గినవాటిలో చాలావి ఆ గడ్డల్లోనే ఉన్నాయి!

ఇలాంటి యాంటీబాడీ వైద్యులకు 2021లోనే ఎదురైంది, ఆస్ట్రాజెనెకా టీకా వేసుకున్న అతి కొద్దిమందిలో. మన దేశంలో కోవిషీల్డ్ పేరుతో వేసింది ఆ టీకానే. అది కూడా చింపాంజీ అడినోవైరస్‌ను మార్చి చేసినదే. 2024లో ఆ టీకాతో గడ్డలు కడతాయన్న వార్త మళ్లీ పైకి లేచినప్పుడు వాట్సాప్ గ్రూపులు ఎంత ఊగిపోయాయో చూశాం. ఆ ముప్పు టీకా తర్వాతి కొన్ని వారాలది. ఎప్పుడో వేసుకున్న అమ్మానాన్నలను ఇప్పుడు బెదరగొట్టడం అన్యాయం.

పిల్లవాడికి పడిశం పట్టిందని పరీక్షలకు పరిగెత్తనక్కర్లేదు. జ్వరం వచ్చిన రెండు మూడు వారాల్లోపు భరించలేని తలనొప్పి, చూపు మసకబారడం, ఒక కాలే వాయడం, ఆయాసం కనిపిస్తే మాత్రం ఆగకండి. ఎమర్జెన్సీలో ఆ జ్వరం సంగతి మీరే ఎత్తి చెప్పండి. గడ్డలకు మామూలుగా ఇచ్చే హెపారిన్‌ను ఈ జబ్బు అనుమానం ఉన్నచోట వైద్యులు సాధారణంగా పక్కన పెడతారు. వేరే మందు ఇస్తారు, దానితోపాటు సిర ద్వారా ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కిస్తారు.

ఆ ఇమ్యునోగ్లోబులిన్ కర్మాగారంలో రసాయనాలు కలిపితే వచ్చేది కాదు. వేలమంది ఇచ్చిన ప్లాస్మాను ఒకచోట చేర్చి, అందులోంచి తీస్తారు. ఈసారి రక్తదాన శిబిరానికి వెళ్లినప్పుడు, ప్లాస్మా ఇచ్చే వీలుందేమో కూడా అడగండి.