విధవరాలి రెండు కాసులు ఎవరి గోడల్లోకి?

కొత్త చర్చి కట్టాలని సంఘ పెద్దలు తీర్మానించిన రోజు నుంచి గోపురం లేచేదాకా మన ఆదివారాల్లో ఒక కథ తప్పకుండా వినిపిస్తుంది. అది బీద విధవరాలు కానుకపెట్టెలో రెండు కాసులు వేసిన కథ. ఉన్నవాళ్లు తమకు మిగిలినదాంట్లోంచి వేశారు, ఆమె ఆ రోజు బతకడానికి ఉన్నదంతా వేసేసింది. ఈ కథ చెప్పి, మరి మీరేమిస్తారని పాస్టరుగారు అడిగితే, చాపల మీద కూర్చున్న ఆడవాళ్లు కొంగు ముళ్లు విప్పుతారు.

ఈ కథకు ముందూ వెనకా ఏముందో చెప్పిన ప్రసంగం మాత్రం నేను ఇంతవరకూ వినలేదు. మార్కు సువార్త 12వ అధ్యాయం చివరిభాగం తీసి చూడండి. ఈ కథకు సరిగ్గా ముందు, పొడుగాటి అంగీలు తొడుక్కుని సంతల్లో దండాలు పెట్టించుకునే శాస్త్రుల గురించి, విధవల ఆస్తి కాజేసి పైకి గంటలకొద్దీ ప్రార్థనలు చేసేవాళ్ల గురించి ప్రభువు హెచ్చరిస్తాడు. కథ అయిపోగానే 13వ అధ్యాయం మొదలవుతుంది. దేవాలయం రాళ్లు ఎంత గొప్పవో చూడమని ఒక శిష్యుడంటే, వీటిలో ఒక్కటీ నిలవదని జవాబిస్తాడు. ఈ రెండు మాటల మధ్య నిలబడి ఉంది ఆ ఆడమనిషి. ఆమె భక్తి గొప్పదే, కాదనేవాళ్లెవరూ లేరు. కానీ చివరి కాసు కూడా తీసుకుని ఆమెను ఉత్తచేతులతో ఇంటికి పంపిన వ్యవస్థ మీద తీర్పు కూడా అక్కడే ఉంది. ముందు మాట, వెనక మాట కత్తిరించి మధ్య ముక్కను మాత్రం కట్టడపు నిధికి వాడుకోవటం వాక్యానికీ న్యాయం కాదు, ఆడవాళ్లకు అసలే కాదు.

నేనీ మాటలు సంఘం బయట నిలబడి అనటం లేదు. గుంటూరు జిల్లాలో ఒక పల్లెలో క్రైస్తవ కుటుంబంలో పుట్టాను. మా అమ్మ ఎసట్లో బియ్యం పోసేముందు రోజూ ఒక పిడికెడు తీసి వేరే ముంతలో వేసేది. ఆదివారం ఆ ముంత గుడికి వెళ్లేది. అందులో కొంత పాస్టరుగారి ఇంటికి, కొంత పేటలో దిక్కులేని ముసలివాళ్లకు. కోతపండుగకు కోడిపెట్టో, గుమ్మడికాయో, నాలుగు మానికల కందులో పట్టుకెళ్లి బల్ల ముందు పెట్టేవాళ్లు. అవి వేలం వేస్తే వచ్చిన డబ్బుతో గుడికి సున్నం, లాంతర్లకు నూనె. మన సంఘాలు నిలబడింది ఈ పిడికెళ్ల మీదే. ఆ పిడికెళ్లు దాదాపు అన్నీ ఆడవాళ్లవి.

ఇప్పుడు ఆ పాత పెంకుటి గుడి లేదు. దాని స్థానంలో రెండంతస్తుల స్లాబు, పాలరాయి పరిచిన వేదిక, దూరానికి కనిపించే గోపురం వచ్చాయి. ఇంటికింత అని లెక్క కట్టి వసూలు చేశారు. మిరపకోతకు వెళ్లే ఆడవాళ్లు డ్వాక్రా గ్రూపులో అప్పు తీసి ఇచ్చారు. అది చాలక కూలికి వెళ్లని రోజుల్లో ఇసుక, ఇటుక ఉచితంగా మోశారు. దాన్ని సేవ అన్నారు. సెంట్రింగు మేస్త్రీకి, టైల్స్ వేసినవాళ్లకు మాత్రం కూలి ఇచ్చారు, వాళ్లది సేవ కాలేదు. శిలాఫలకం మీద చెక్కిన పేర్లలో ఆడపేరు ఒక్కటే ఉంది. అదీ పెద్ద విరాళమిచ్చిన ఒకాయన తల్లి జ్ఞాపకార్థం. పదకొండుగురి కమిటీలో ఆడవాళ్లు ఇద్దరు. వాళ్లకప్పజెప్పిన బాధ్యత ప్రతిష్ఠ పండుగనాటి వంటలు.

స్లాబు పని జరుగుతున్న రోజుల్లోనే, భర్త వదిలేసిన ఒకామె చిన్నకూతురి ఆసుపత్రి ఖర్చుకు పదివేలు అప్పుగా ఇమ్మని కమిటీని అడిగింది. దానంగా కాదు, అప్పుగా. కట్టడపు నిధి వేరే పనికి వాడకూడదని చెప్పి, పిల్ల కోసం ప్రార్థన చేసి పంపారు. చలికి వణికేవాళ్లకు బట్ట ఇవ్వకుండా వెచ్చగా ఉండమని దీవించి పంపితే ఏం లాభమని యాకోబు పత్రిక అడిగిన ప్రశ్న ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు. ఆ నెలలోనే గోపురం మీది సిలువకు రంగు దీపాలు అమర్చారు. ఆమె కూడా ఆ నిధికి తన వంతు కట్టిన మనిషే. చివరికి ఆమెతోపాటు కోతకు వెళ్లే ముఠాలో ఆడవాళ్లే తలా కొంచెం వేసుకుని పిల్లను ఆసుపత్రికి పంపారు. ఆ వారం సంఘం పని చేసింది ఎవరు? రాతిమీద పేర్లున్నవాళ్లా, వీళ్లా?

నేను కట్టడాలే వద్దనటం లేదు. పేదవాళ్లకు అన్నం పెట్టిన కట్టడాలు మన గడ్డ మీదే ఉన్నాయి. మెదక్ చర్చినే తీసుకోండి. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ 1914లో పని మొదలుపెట్టించాడు, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. ఆ గంట గోపురం ఎత్తు సుమారు 175 అడుగులు. కానీ మెదక్ జనం తరతరాలుగా చెప్పుకునేది ఎత్తు గురించి కాదు. కరువులో ఆకలితో ఉన్నవాళ్లకు అక్కడ పని దొరికిందని, పనికి తిండి దొరికిందని చెప్పుకుంటారు. అంతకు ముందు 1876-78 కరువులో ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ చర్చి కట్టలేదు, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకున్నాడు. మాదిగ కుటుంబాలకు అక్కడ కూలి దొరికింది. తిండి కోసం మతం మారారనే మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు కూడా. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నది ఆ కరువు పని తర్వాతే. గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో వచ్చి, 1898లో ఆడవాళ్లకూ పిల్లలకూ ఆసుపత్రి తెరిచింది. అదీ కట్టడమే. ఈ మిషనరీల పెత్తనాన్ని గురించి అనవలసింది వేరే ఉంది. అయినా ఒక్క తేడా చూడండి. ఆనాడు కట్టడానికి పెట్టిన డబ్బు పేదల ఇళ్లలోకి వెళ్లింది. ఈనాడు పేదల ఇళ్లలోంచి డబ్బు కట్టడాల్లోకి వస్తోంది.

ఇంకొక వాదన ఉంది, దాన్ని తేలిగ్గా తీసెయ్యలేను. ఊరి గుడి మెట్టు ఎక్కనివ్వని మనుషులకు తమ పేటలో తలెత్తుకు నిలబడిన చర్చి ఒక ఆత్మగౌరవం. ఊళ్లో దేవాలయాలకు మాన్యాలుంటే అడగనివాళ్లు, పేటలో చర్చికి గోపురం లేచేసరికి ఇంత ఖర్చెందుకని సన్నాయినొక్కులు నొక్కుతారు. వాళ్లకు ఆ హక్కు లేదు. కానీ చర్చికి గౌరవం ఎప్పుడొచ్చిందో మన చరిత్రే చెబుతుంది. 1985 జూలై 17న కారంచేడులో మాదిగల మీద హత్యాకాండ జరిగాక, ప్రాణాలు దక్కించుకున్నవాళ్లు చీరాల పారిపోయి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ రోజు అక్కరకొచ్చింది గోపురం కాదు, తెరిచి ఉన్న గేటు. ఇప్పుడు ఎన్ని చర్చిలకు వారంలో ఆరు రోజులు తాళం పడి ఉంటోంది? భర్త కొట్టి అర్ధరాత్రి బయటికి నెట్టిన ఆడమనిషికి ఆ తాళం ఎవరు తీస్తారు?

బేతనియలో ఒక స్త్రీ ఖరీదైన అత్తరుబుడ్డి పగలగొట్టి ప్రభువు తల మీద పోసిన సంగతి కూడా మన నోరు మూయించడానికి వాడతారు. దాన్ని అమ్మి బీదలకు ఇవ్వచ్చు గదా అన్నవాళ్లను ఆయన మందలించాడు, బీదలు ఎప్పుడూ మీతోనే ఉంటారన్నాడు, కాబట్టి దేవుడి ఖర్చు లెక్క అడగొద్దంటారు. అడిగినవాళ్లను ఇస్కరియోతు యూదాతో పోలుస్తారు. ఆ అత్తరు ఆమెది, దాన్ని ఏం చెయ్యాలో ఆమే నిర్ణయించుకుంది. పోసింది గోడ మీద కాదు, చావుకు దగ్గరవుతున్న మనిషి మీద. బీదలు ఎప్పుడూ ఉంటారనే మాట ద్వితీయోపదేశకాండం 15వ అధ్యాయంలోది, అక్కడ ఆ మాట వెంటనే కాబట్టి చెయ్యి చాపి ఇమ్మనే ఆజ్ఞ ఉంది. ఇక యూదా సంగతి. యోహాను సువార్త అతని మీద చేసిన ఫిర్యాదు లెక్క అడిగాడని కాదు, డబ్బుసంచి తన దగ్గర పెట్టుకుని అందులోది తీసుకునేవాడని. లెక్క అడిగేవాళ్లు కాదు, లెక్క చెప్పనివాళ్లు భయపడాల్సిన కథ అది.

దళిత క్రైస్తవ స్త్రీకి సంఘం సాయం మిగతావాళ్ల కంటే ఎక్కువ అవసరం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఆమెను షెడ్యూల్డు కులాల జాబితా బయట ఉంచింది. 1956లో సిక్కు దళితులను, 1990లో బౌద్ధ దళితులను చేర్చారు, ఆమెను చేర్చలేదు. మన రాష్ట్రాల్లో ఆమె బీసీ-సి. కూలికి పోయినచోట కులం పోలేదు, కాగితం మీద మాత్రం పోయింది. సంసారంలో న్యాయం కావాలన్నా అంతే. 1869 నాటి విడాకుల చట్టం కింద భర్త వ్యభిచారం ఒక్కటే రుజువు చేస్తే చాలు, భార్య దానితోపాటు క్రూరత్వమో విడిచిపెట్టటమో కూడా రుజువు చెయ్యాల్సి వచ్చేది. 2001 సవరణతోగానీ అది మారలేదు. చట్టం మారినా కోర్టుకు వెళ్లే బస్సు చార్జీ ఎవరిస్తారు? న్యాయ సేవల సంస్థల చట్టం ప్రకారం ఏ స్త్రీకైనా ఉచితంగా వకీలును పెట్టించుకునే హక్కు ఉందని ఏ ప్రసంగంలో చెప్పారు?

2020లో కరోనా వచ్చినప్పుడు మార్చి నుంచి జూన్ దాకా ప్రార్థనా స్థలాలన్నీ మూతపడ్డాయి. సంఘం మూతపడలేదు. ఇళ్లలోనే ప్రార్థనలు జరిగాయి, వండుకున్నవాళ్లు లేనివాళ్లకు పెట్టారు. గోడలు లేకపోయినా సంఘం ఉంటుందని అప్పుడు కళ్లారా చూశాం. అది మరిచిపోకూడదు.

అందుకని నేను అడిగేవి నాలుగే. కట్టడపు నిధికి వచ్చే ప్రతి రూపాయిలో కొంత భాగం, ఎంతన్నది సభ్యులందరూ కూర్చుని తేల్చాలి, ఆసుపత్రికీ చదువుకూ దిక్కులేని ఆడవాళ్లకూ ముందే పక్కన పెట్టాలి. ఆ భాగాన్ని ఖర్చుపెట్టే అధికారం స్త్రీల సమాజానికి ఉండాలి. సంఘ కమిటీలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి, వంటల కోసం కాదు, చెక్కు మీద సంతకం కోసం. లెక్కలు ఏడాదికొకసారి గుమ్మం దగ్గర తెలుగులో అంటించాలి, చదవరానివాళ్లకు చదివి వినిపించాలి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన సంఘాల్లో లెక్కలు సభ్యుల ముందు పెట్టడం ఎవరి దయా కాదు.

రెండు కాసులు వేసి వెళ్లిన ఆమె ఆ రాత్రి ఏం తిన్నదో సువార్తలో లేదు. మన పక్క చాప మీద కూర్చున్న ఆమె రాత్రి ఏం తిన్నదో మనం అడగవచ్చు. ఈసారి సర్వసభ్య సమావేశానికి ఆడవాళ్లందరం వెళదాం. ఆమె పక్కన లేచి నిలబడి లెక్క అడుగుదాం.