ఎంకి యెవరని యడుగువారికి

మొన్న మా అత్తిలిలో జరిగిన యొక బడి సభలో పదునాలుగేండ్ల బాలిక ఎంకి పాట పాడినది. శ్రుతి తప్పక బాగుగనే పాడినది. ముగిసినంతనే ముందు వరుసలోని పెద్దమనిషి యొకరు మా చెవికడకు వంగి, "ఇంతకును ఆ ఎంకి యెవరండీ? ప్లీడరుగారి యింట పనిచేసిన మనిషేనా?" అని యడిగిరి. పాటనుగూర్చి వా రింకొక ముక్క పలుకలేదు.

ఈ ప్రశ్న మాకు క్రొత్తది కాదు. నండూరి వేంకట సుబ్బారావుగారు ఏలూరు చెంతనున్న వసంతవాడలో 1895లో జన్మించిరి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుకొను దినములలో, 1917-18 ప్రాంతమున, ఈ పాటలు కట్ట నారంభించి తామే పాడి మిత్రులకు వినిపించిరి. 1925లో నవి పుస్తకమైనవి. పిదప ఏలూరిలో న్యాయవాదిగా నుండి 1957లో దివంగతులైరి. కట్టినవారే పాడినవా రగుటచేత, పాటలోని 'నేను' వారే యనియు, ఎంకి వారి పెరటి చుట్టుపట్ల నుండి తీరవలయుననియు లోకము తీర్పు చెప్పినది.

ఆ లెక్కను ప్లీడరుగారు సాయంకాలము కోర్టు విడిచి నాయుడుబావయై అరక కట్టిరని కూడ నొప్పుకొనవలయును గదా! అందుకు వీరు సిద్ధపడరు. నాయుడుబావ కల్పితుడట, ఎంకి మాత్రము నిజమట! ఈ భేదమే మాకు కంటకముగా నున్నది. పొలము పనికిపోవు పడుచు తనంతట వలచుటకును, అలుగుటకును, తన మగని నేలుకొనుటకును అర్హురాలు కాదనియు, ఆమె పాటలోని కెక్కిన దన్నచో వెనుక నేదో పెద్దయింటి గుట్టుండవలయుననియు వీరి యభిప్రాయము. ఒక్క మాటతో కూలియాలి శీలమునకును, కవి యిల్లాలి మనస్సునకును గాయము. దీనికి వీరు పెట్టిన పేరు సాహిత్యజిజ్ఞాస!

1928లో 'నేటికాలపు కవిత్వము' వ్రాసిన అక్కిరాజు ఉమాకాంతముగారు ఈ పాటలను కఠినముగా ఖండించిరి. వారి తీర్పు మాకు సమ్మతము కాదు. అయినను వారు శాస్త్రము చేతబట్టి కావ్యముతో పోరాడిరి. పెరటి గోడమీదుగా తొంగిచూడలేదు.

జీవితమునకును పాటకును సంబంధమే లేదని మే మనుట లేదు. రామదాసు చెరసాల కీర్తనలలో తాను చేయించిన నగలను, వానికైన సొమ్మును తానే లెక్కచెప్పి దేవుని నిలదీసినాడు. అచట జీవితము తెలియకున్న పాటయే తెలియదు. కవి తానై తెరచిన తలుపది. మూసియున్న తలుపునకు మారుతాళము వేయుట వేరు.

(గ్రాంథికమును విడువలేని మేము ఎంకి పలుకుబడికి వకాల్తా పుచ్చుకొనుట కొందరికి నవ్వు పుట్టింపవచ్చును. నవ్వుకొందురు గాక.)

ఆ పెద్దమనిషి ప్రశ్న మూడు దినములలో బాలిక యింటికి చేరినది. "అటువంటి పాటలు మా పిల్లచేత పాడింపకండి మాష్టారూ" అని తల్లి కబురంపినది. మేము స్వయముగా పోయి, పుస్తకము నామె చేతిలో నుంచి, చదివిన పిమ్మట చెప్పుడంటిమి. ఆమె యింకను చదువుచున్నది. వార్షికోత్సవ పట్టికలో ఆ బాలిక పేరు మేము కొట్టివేయలేదు.