కళ్లు కూడా నవ్వాలి!

ఇంట్లో పెళ్లి ఆల్బమ్ ఉంటే ఓసారి తీయండి. 'స్మైల్ ప్లీజ్' అనగానే తీసిన ఫొటోల్లో పెదాలు సాగి ఉంటాయి, అంతే. ఎవరో జోకేసినప్పుడు అనుకోకుండా పడిన ఫొటో ఒకటుంటుంది చూడండి... మావయ్యగారి బుగ్గలు పైకి లేచి, కళ్లు చిన్నవైపోయి, కంటి చివర ముడతలు పడి ఉంటాయి. అసలు నవ్వంటే అదీ!

ఈ తేడాని పట్టుకున్నది డ్యూషెన్ అనే ఫ్రెంచి వైద్యుడు. ఒంట్లో కండరాలు చాలావరకు ఎముకల్ని లాగితే, ముఖంలోవి చర్మాన్ని లాగుతాయి. అందుకే మనసులో ఏ కాస్త కదిలినా బయటపడిపోతాం. ముఖంలో స్పర్శ తెలియని ఓ ముసలాయన్ని కూర్చోబెట్టి, ఒక్కో కండరానికీ కరెంటు తగిలించి ఫొటోలు తీశాడు డ్యూషెన్. 1862లో పుస్తకం వేశాడు. పెదాల చివర్లను పైకి లాగే కండరం మన మాట వింటుంది, కంటి చుట్టూ ఉండేది మాత్రం నిజమైన సంతోషానికే కదులుతుంది అన్నాడు. కావాలని కదిలించగలిగేవాళ్లూ ఉన్నారని తర్వాత తేలిందనుకోండి. నటులతో జాగ్రత్త!

తెచ్చిపెట్టుకున్న నవ్వుకీ, దానంతటది వచ్చే నవ్వుకీ మెదడులో దారులే వేరు. పక్షవాతంతో మూతి వంకరపోయినాయన్ని 'నవ్వండి' అంటే ఒకవైపే కదులుతుంది. అదే మనవడి అల్లరి చూస్తే కొందరికి రెండువైపులా నవ్వు విచ్చుకుంటుంది.

ఏ దారిన వచ్చినా ఆజ్ఞ కండరానికి చేరేది మాత్రం ముఖ నరం మీదుగానే. అది చెవి దగ్గరి ఎముకలో ఇరుకు సందులోంచి రావాలి. అక్కడ వాచి నలిగిందా, ఆ వైపు నుదురు నుంచి గడ్డం దాకా కదలదు. దీన్నే బెల్స్ పాల్సీ అంటారు. పొద్దున్నే పుక్కిలిస్తుంటే నీళ్లు ఓ పక్కనుంచి కారిపోతాయి, కన్ను మూతపడదు. చాలామందికి కొన్ని వారాల్లోనో నెలల్లోనో తగ్గిపోతుంది. కానీ 'చల్లగాలి తగిలిందిలే' అని పసర్లతో వారం గడిపేయడమే పొరపాటు. స్టెరాయిడ్ మందులు 72 గంటల్లోపు మొదలైతేనే నరం పూర్తిగా కోలుకునే అవకాశం ఎక్కువ.

మెదడు పక్షవాతంలో సాధారణంగా నుదురు ముడతలు పడుతుంది, ఇందులో పడదు. అలాగని ఇంట్లోనే అద్దం ముందు తేల్చుకోకండి. మూతి వంకరపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. చెయ్యి పట్టు తప్పినా, మాట తడబడినా 108కి ఫోన్ చేయండి. బెల్స్ పాల్సీ అని తేలితే, కోలుకునేదాకా కన్ను ఎండిపోకుండా పగలు చుక్కలు వేసుకోవాలి. రాత్రిళ్లు రెప్ప మూసి టేపు అంటించుకోవాలి. ఎలా అంటించాలో డాక్టరుగారే చూపిస్తారు.