పదేళ్లకు ‘నార్మల్’.. పదిహేనుకు కాదు!

పెళ్లయి మూడు నాలుగేళ్లయినా పిల్లలు కలగలేదని దంపతులు ఫెర్టిలిటీ సెంటర్‌కు వెళ్తారు. వీర్యపరీక్షలో శుక్రకణాలు సున్నా అని వస్తుంది. తర్వాత చేయించిన క్రోమోజోముల పరీక్షలో 46 ఉండాల్సిన చోట 47 కనిపిస్తాయి. అదనంగా ఉన్నది ఒక ఎక్స్. అంటే ఎక్స్‌వైకి బదులు ఎక్స్‌ఎక్స్‌వై. పుట్టుకతో వచ్చిన విషయం మనిషికి ముప్ఫై ఏళ్లకు తెలుస్తుంది. దీని పేరు క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్. 1942లో అమెరికా వైద్యుడు హ్యారీ క్లైన్‌ఫెల్టర్ దీన్ని వివరించారు. అసలు కారణం అదనపు ఎక్స్ అని 1959లో ఎడిన్‌బరోలో ప్యాట్రీషియా జాకబ్స్ బృందం తేల్చింది.

ఎక్కడో లక్షలో ఒకరికి వచ్చేది అనుకోవద్దు. సుమారు 600-700 మంది మగపిల్లల్లో ఒకరికి ఇది ఉంటుంది. డెన్మార్క్ జాతీయ రిజిస్టర్లను తిరగేసి 2003లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, వీళ్లలో నలుగురికి ఒకరికే జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ సంగతి తెలుస్తోంది. యుక్తవయసుకు ముందే తెలిసేది పది శాతం లోపే. ప్రతి పౌరుడి వైద్య రికార్డూ దాచే దేశంలోనే పరిస్థితి ఇలా ఉంటే, మన దగ్గర సంగతి చెప్పనక్కర్లేదు.

అయితే గత పదేళ్లుగా లెక్క మారుతోంది. గర్భిణి రక్తం నుంచే పిండం క్రోమోజోముల తేడాలను పసిగట్టే ఎన్ఐపీటీ పరీక్ష రావడంతో, చాలా దేశాల్లో బిడ్డ పుట్టకముందే తల్లిదండ్రులకు అనుమానం తెలుస్తోంది. (అది స్క్రీనింగ్ మాత్రమే, తర్వాత నిర్ధారణ పరీక్ష తప్పనిసరి.) వాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: ‘మా బాబుకి ముందుముందు ఏమవుతుంది?’

జవాబు చెప్పడం కష్టం. ఒకే ఎక్స్‌ఎక్స్‌వై ఉన్నా ఒకబ్బాయికి మాటలు ఆలస్యంగా వస్తాయి, చదువులో సాయం కావాలి. ఇంకొకతను ఇంజినీరింగ్ పూర్తిచేసి ఉద్యోగంలో చేరినా ఏమీ తెలియదు. ఎవరికి ఏ సాయం ఎప్పుడు కావాలో ముందే చెప్పే సూచికలు రక్తంలో దొరుకుతాయా? పరిశోధకులు వెతుకుతున్నది ఈ బయోమార్కర్ల కోసమే.

అసలు చిక్కు వయసుతో వస్తుంది. రెండు మూడు నెలల పసివాడిలో హార్మోన్లు కొన్నాళ్లు పెరిగి తగ్గిపోతాయి. ఆ తర్వాత పది, పన్నెండేళ్ల దాకా దాదాపు నిశ్శబ్దం. ఈ వయసులో ఎక్స్‌ఎక్స్‌వై అబ్బాయికి టెస్టోస్టిరాన్, ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ పరీక్షలు చేయిస్తే రిపోర్టు చాలావరకు ‘నార్మల్’ అనే వస్తుంది. వృషణాల పనితీరు చెప్పే ఇన్‌హిబిన్-బి కూడా బాగానే ఉంటుంది. కౌమారం సగానికి వచ్చేసరికి ఇన్‌హిబిన్-బి పడిపోతుంది, ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ పైకి లేస్తాయి. ఫిన్లాండ్‌లో 14 మంది అబ్బాయిల్ని కౌమారం పొడవునా గమనించి ఈ క్రమాన్ని నమోదు చేశారు. కాబట్టి పదేళ్ల పిల్లాడి హార్మోన్ రిపోర్టు చూసి ‘ఏం లేదు’ అనేయడం తప్పు. నిర్ధారణకు కావాల్సింది క్యారియోటైప్. అదీ రక్తపరీక్షే, కానీ కణాల్ని మూడు రోజులపాటు పెంచి క్రోమోజోముల్ని లెక్కపెట్టాలి.

హార్మోన్లు మౌనంగా ఉన్న ఈ వయసులోనే మాట్లాడే సూచికలు వేరే ఉన్నాయి. అమెరికాలో 4-12 ఏళ్ల ఎక్స్‌ఎక్స్‌వై అబ్బాయిల మీద 2011లో వచ్చిన అధ్యయనంలో మూడో వంతుకు పైగా పిల్లలకు చెడు కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ ఎక్కువగా ఉంది. సుమారు నాలుగో వంతు మందిలో ఇన్సులిన్ రెసిస్టెన్స్ కనిపించింది. నా దృష్టిలో తల్లిదండ్రులకు ఇవాళ నిజంగా పనికొచ్చే అంకెలు ఇవే. నడుం కొలత, లిపిడ్ ప్రొఫైల్, షుగర్ ఏ చిన్న ఊళ్లోనైనా చూడొచ్చు. తిండి, ఆటల దగ్గరే దిద్దుబాటు మొదలుపెట్టొచ్చు.

మరి మందిచ్చి సరిచేద్దామా? ఆ ప్రయత్నమూ జరిగింది. ఇదే వయసు పిల్లలకు ఆక్సాండ్రోలోన్ అనే మందును రెండేళ్లు ఇచ్చి చూశారు. 2017లో ఫలితాలొచ్చాయి. ఒంట్లో కొవ్వు, ట్రైగ్లిజరైడ్లు తగ్గాయి. దాంతోపాటే మంచి కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్ కూడా తగ్గింది! ఒక అంకెను దిద్దబోతే ఇంకో అంకె చెడింది.

అన్నిటికంటే బరువైన ప్రశ్న సంతానానిది. సూక్ష్మ శస్త్రచికిత్సతో వృషణం నుంచి శుక్రకణాలు తీసే పద్ధతి వచ్చాక, అనుభవం ఉన్న కేంద్రాల్లో సుమారు సగం మంది పెద్దవాళ్లకు అవి దొరుకుతున్నాయి. ఎవరికి దొరుకుతాయో మాత్రం ఎఫ్‌ఎస్‌హెచ్ గానీ, ఇన్‌హిబిన్-బి గానీ నమ్మకంగా చెప్పలేకపోతున్నాయి. ఇక్కడే ఒక జాగ్రత్త ఉంది. బయటి నుంచి ఇచ్చే టెస్టోస్టిరాన్ కండ, ఎముక, ఉత్సాహానికి మేలే కానీ శుక్రకణాల తయారీని అణచేస్తుంది. ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందే సంతానం గురించి ఆ అబ్బాయితో మాట్లాడాలి. తల్లిదండ్రులతో మాత్రమే కాదు.

మన దేశంలో మరో మెలిక ఉంది. 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం ప్రకారం పిండం ఆడో మగో చెప్పకూడదు. క్రోమోజోముల లోపాలు కనిపెట్టడానికి అదే చట్టం అనుమతిస్తుంది. కానీ ‘క్లైన్‌ఫెల్టర్’ అన్నామంటే మగబిడ్డ అని చెప్పినట్టే కదా! ఈ సందులో జాగ్రత్తగా నడవాల్సింది జెనెటిక్ కౌన్సెలర్లు. జెనెటిక్స్ చదువుతున్నవాళ్లు ఈ పని వైపు చూడొచ్చు. హైదరాబాద్‌లో నిమ్స్‌కు మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ ఉంది. రిపోర్టులోని అంకెలు చదవడం ఏడాదిలో వచ్చేస్తుంది. ‘మా వాడు మగాడేనా సార్?’ అని ఒక తండ్రి అడిగితే తడబడకుండా ‘అవును, మగపిల్లాడే’ అని చెప్పి, మిగతాది ఆయనకు అర్థమయ్యే తెలుగులో వివరించడం నేర్చుకోవడానికే ఎక్కువ కాలం పడుతుంది.