పంతులమ్మకు ఊళ్లో ఇల్లేది?

ఉదయం తొమ్మిది దాటినా బడి తలుపు తీయలేదంటే రచ్చబండ దగ్గర వినిపించే మాట ఒక్కటే: "పంతులమ్మ ఎక్కిన బస్సు ఇంకా రాలేదు." ఆ మాటలో ఎత్తిపొడుపు ఉంది, కొంత నిజమూ ఉంది. కానీ ఆమె రోజూ బస్సెక్కి ఎందుకు రావలసి వస్తోంది, ఈ ఊళ్లోనే ఎందుకు ఉండలేకపోతోంది అని అడిగేవారు మాత్రం కనిపించరు.

ఆడపిల్లల చదువుకు ఆడ టీచర్లు కావాలన్నది పాత మాటే. 1848లో పుణెలో సావిత్రీబాయి ఫూలే బాలికలకు పాఠం చెప్పడానికి నిలబడ్డారు. 1874లో ధవళేశ్వరంలో కందుకూరి వీరేశలింగం బాలికల పాఠశాల తెరిచారు. అయినా చాలా పల్లెల్లో బడి కుర్చీ చిరకాలం పంతులుగారిదే అయింది. ఎదిగే పిల్లను మగ పంతులు దగ్గరికి పంపడానికి జంకి మధ్యలోనే చదువు మాన్పించిన తల్లిదండ్రులు ఎందరో.

ఈ లోటు తీర్చడానికి ప్రభుత్వాలు కొంత చేశాయి. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉద్యోగ నియామకాల్లో స్త్రీలకు 30 శాతం వాటా ఇచ్చింది. అది చెల్లుతుందని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1996లో ఆ వాటా మూడో వంతు అయింది. 1987లో కేంద్రం ప్రారంభించిన 'ఆపరేషన్ బ్లాక్‌బోర్డు' కింద ఏకోపాధ్యాయ పాఠశాలకు రెండో టీచరును ఇవ్వాలని, వీలైనంత వరకు ఆ టీచరు స్త్రీ అయి ఉండాలని నిర్ణయించారు. ఫలితం కళ్లెదుటే ఉంది. 2024-25 లెక్కల ప్రకారం దేశంలోని అన్ని రకాల బడుల్లో కలిపి టీచర్లలో 54 శాతం స్త్రీలే.

లెక్క బాగుంది. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్నట్టు, ప్రభుత్వం పంపిన పంతులమ్మను నిలుపుకునే ఏర్పాటు ఊళ్లో లేదు. కొత్తగా వచ్చిన టీచరమ్మ అద్దె ఇల్లు అడిగితే ముందు ఎదురయ్యే ప్రశ్న "మీ ఆయన ఏం చేస్తారు?" ఒంటరిగా ఉంటానంటే ఇల్లు లేదంటారు. తరువాతి ప్రశ్న "మీరేమిట్లు?" కులం చెప్పగానే ఖాళీగా ఉన్న వాటాకు కూడా ఎవరో చుట్టాలు రాబోతున్నారంటారు. తమ పిల్లలకు అక్షరాలు దిద్దించే చేతికి ఇంటి తాళం ఇవ్వడానికి మనసొప్పదు.

ఇక బడిలో సంగతి. విద్యాహక్కు చట్టం బాలురకు, బాలికలకు వేరువేరు మరుగుదొడ్లు ఉండాలంది. చాలాచోట్ల గది ఉంటే నీళ్లు ఉండవు, నీళ్లు ఉంటే గడియ ఉండదు. అటువంటి బడిలో టీచరమ్మ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గొంతు తడుపుకోవడానికి కూడా వెనుకాడుతుంది. పెద్ద తరగతుల ఆడపిల్లల పాట్లూ ఇవే.

అందుకే ఆమె పట్నంలో కాపురముంటుంది. తెల్లవారకముందే లేచి వంట ముగించి, బస్సు, ఆటో, ఆపైన నడక. మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో వచ్చింది. టిక్కెట్టు ఖర్చు తప్పింది. బడి వేళకు బస్సే రాని ఊరికి ఆ ఉచితం వల్ల ఏం లాభం?

నష్టపోయేది ఎవరు? చట్టం ప్రకారం అయిదో తరగతి వరకు ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటల బోధన జరగాలి. అంటే రోజుకు నాలుగు గంటలు. బస్సు కోసం ఉదయం అరగంట, సాయంత్రం అరగంట పోతే పిల్లల చదువులో నాలుగో వంతు పోయినట్టే. మగ టీచర్లూ పట్నం నుంచి వస్తూనే ఉన్నారు. వారికి మోటారు సైకిలు ఉంది, ఆలస్యం బయటపడదు. ఆమె బస్సు మాత్రం ఊరందరికీ కనపడుతుంది.

మందు ఎప్పుడో చెప్పారు. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షతన 1958-59లో స్త్రీవిద్యపై జాతీయ సంఘం పనిచేసింది. 1961లో మొదలైన మూడో పంచవర్ష ప్రణాళికలో పల్లెల్లోని ఉపాధ్యాయినులకు ఇళ్లు, ప్రత్యేక భత్యం ఉండాలని రాశారు. అరవై ఏళ్లు దాటినా పంతులమ్మ ఇల్లు ఎక్కువ ఊళ్లలో కాగితం దాటి రాలేదు. దూరపు ఊళ్లలో పనిచేసిన వారికి బదిలీల్లో ఎక్కువ పాయింట్లు ఇస్తున్నారు. అది ఊరు విడిచిపోవడానికి పనికొస్తుంది, ఊళ్లో ఉండడానికి కాదు.

క్వార్టర్లు కట్టవలసిన బాధ్యత ప్రభుత్వానిదే. దాన్ని అడుగుతూనే ఉండాలి. అంతవరకు గ్రామస్థుల చేతుల్లో ఉన్నవీ కొన్ని ఉన్నాయి. పాఠశాల యాజమాన్య కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులు, సగం మంది స్త్రీలు ఉండాలని చట్టం చెబుతోంది. ఆ స్త్రీలు సంతకాలతో సరిపెట్టుకోకుండా నోరు విప్పాలి. మరుగుదొడ్డికి నీళ్లు, గడియ పెట్టించాలి. బస్సు వేళను బడి గంటకు సరిపెట్టమని పంచాయతీ తీర్మానం చేసి డిపో మేనేజరుకు అందజేయాలి. అన్నిటికన్నా ముందు, కులం అడగకుండా, మగతోడు అడగకుండా రెండు గదుల వాటా ఒకటి చూపించాలి.

పంతులమ్మ ఆలస్యంగా వచ్చిందని నిలదీసే హక్కు ఊరికి ఉంది. ఆమెకు అద్దెకు ఇల్లు ఇచ్చిన ఊరు నిలదీస్తే ఆ మాటకు బలం ఉంటుంది.