ఖాళీ జాగా

మా మనవడు వేసవి సెలవులకు వచ్చి రైలు మార్గం వేయడం మొదలెట్టేడు. కంగారు పడకండి, కంప్యూటరులోనే లెండి. ఇనుమూ, కంకరా, కాంట్రాక్టరూ అక్కర్లేని మార్గం అది. బ్రిస్బేన్‌లోని ఆరన్ అనే ఆస్ట్రేలియా కంపెనీ 2001లో మొదలుపెట్టిన ‘ట్రెయిన్జ్’ అనే ఆటలో పట్టాలూ, స్టేషన్లూ, కాలవలూ మనమే పేర్చుకుని, ఆపైన ఇంజనులో కూర్చుని దర్జాగా నడుపుకోవచ్చు. వాడు ఎన్నుకున్నది రాజమండ్రి నుంచి నిడదవోలు దాకా. “మీ ఊరి పక్కనించే కదా తాతయ్యా!” అని నన్నూ ముగ్గులోకి దింపేడు.

పట్టాలు రెండు రోజుల్లో అయిపోయేయి. గోదావరి మీద 1900లో తెరిచిన హేవలాక్ వంతెన, 1974 నాటి రోడ్డు-రైలు వంతెన, తరవాతి కమానుల వంతెన, మూడూ చకచకా నిలబెట్టేసేడు. 1997లోనే రైళ్లు మానేసిన పాత వంతెన మీద కూడా ఓ గూడ్సు పోనిచ్చేడు. పోనీలెమ్మని ఊరుకున్నాను.

అసలు చిక్కు వంతెన దిగేక వచ్చింది. పట్టాలకు రెండు పక్కలా ఏముందీ? ఏమీ లేదు. పచ్చగా, నున్నగా, క్లబ్బులో బిలియర్డ్సు బల్ల మీద గుడ్డలాగ కనుచూపు మేర ఖాళీ. ఆ ఆటలో నేల పలకలు పలకలుగా వస్తుంది. ఒక్కో పలక 720 మీటర్ల చదరం, అంటే సుమారు 128 ఎకరాలు. మా వంశంలో ఎవరికీ ఏనాడూ అంత భూమి లేదు. ఒక్క మధ్యాహ్నంలో అలాటివి నలభై పలకలు నా చేతికొచ్చేయి, నింపుకోమని.

మావాడి మొదటి ఉపాయం చెట్లు నాటడం. ఎవరెవరో తయారుచేసి పంచిపెట్టిన చెట్లు అందులో దొరుకుతాయి. యూకలిప్టస్‌లు బండ్లకొద్దీ ఉన్నాయి గాని, తాటిచెట్టుకు మటుకు గంటన్నర వెతకవలసి వచ్చింది. దొరికిన ఆ ఒక్కదాన్నీ వాడు సమదూరాన, అంతా ఒకే ఎత్తున నాటుకుంటూ పోయేడు. మా ఆవిడ కాఫీ ఇవ్వడానికి వచ్చి, “ఏమిటండీ ఇది, ఎన్.సి.సి. కవాతా?” అంది.

అదీ నిజమే. తాళ్లు గట్ల మీద ఉంటాయి. ఒకచోట నాలుగు గుంపుగా, తరవాత చాలాదూరం ఏమీ లేక, ఆపైన ఒకటి వంగిపోయి ఉంటాయి. చెట్టును కాస్త తిప్పీ, పెంచీ తగ్గించీ పెడితే ఒక్క చెట్టే నలభై చెట్లవుతుంది. నేలకు పూసే రంగూ అంతే. ఒకే తీరుగా పూస్తే కలంకారీ దుప్పటి అచ్చులాగ పువ్వు మీద పువ్వు బయటపడిపోతుంది. పూస్తూ పూస్తూ తిప్పుతూ ఉండాలి.

మరొక సంగతి. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే రైలు సెకనుకు 28 మీటర్లు దాటుతుంది. ఇంజను కిటికీలోంచి చూసేవాడికి దగ్గరున్న గడ్డిదుబ్బులు కావాలి గాని, అరమైలు అవతలి ఇంటికి తలుపులున్నాయో లేవో ఎవడికి కావాలి? దూరాన తీగలాగ సాగే చెట్ల వరస ఒకటి లాగితే చాలు. అత్యాశకు పోయి అన్నీ కూరితే యంత్రానికి బరువెక్కి, మెయిలు కాస్తా ఎడ్లబండిలా కుదుపులు పడుతుంది. మావాడికి ఇది నేను చెప్పలేదు, నాకే వాడు చెప్పేడు.

నేను చెప్పగలిగింది గుంటల సంగతి. పల్లపు నేలలో రైలు కట్ట వేయడానికి మట్టి పక్కనే తవ్వి పోస్తారు. తవ్వినచోట నీళ్లు నిలిచి, కట్ట పొడుగునా చెరువుల్లాగ ఉండిపోతాయి. వాటిలో కలువలు, జమ్ము, మెడదాకా మునిగిన గేదెలు. ఇవి పెట్టగానే బిలియర్డ్సు బల్ల మా జిల్లా అయిపోయింది.

అయితే నేల ఎగుడుదిగుడుగా ఉండడం నాకు నచ్చలేదు. మా చేలల్లో గుట్టలేమిటి? విచారిస్తే తేలింది: ఆ ఎత్తుల లెక్క 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ అనే అంతరిక్ష నౌక 11 రోజులు తిరిగి రాడారుతో కొలిచినదిట. రాడారుకు నేలా, చెట్టు తలా ఒకటే కావడంతో తోపులన్నీ గుట్టలైపోయేయి. కూర్చుని చదును చేశాను. ఆ పూట మా ఆవిడ మరో తప్పు పట్టింది. ఒక మడిలో నాట్లు, పక్క మడిలో గడ్డివాములూ కల్లాలూ పెట్టేం. “ఆషాఢమా, మార్గశిరమా, ఏదో ఒకటి తేల్చుకోండి” అంది. మార్గశిరం ఖాయం చేసేం.

ఇలా చాగల్లు దాటి, నిడదవోలు వైపు ఒక పలక దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయింది.

“ఇక్కడేముంది తాతయ్యా?” అన్నాడు మావాడు.

అది మా చేను. అమ్మేసి పాతికేళ్లు దాటింది. బావి గుర్తుంది. బావి పక్క పాక గుర్తుంది. తూర్పున గట్టు దాటేక ఏముండేదో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. అటు చేను మా అన్నయ్యది. పంపకాల్లో గట్టు దగ్గర రెండడుగులు తేడా వచ్చి, 1994 లగాయతు మా ఇద్దరికీ మాటల్లేవు. పెళ్లిళ్లలో ఎదురుపడినా ఆయన పందిట్లో కుడివైపు, నేను ఎడమవైపు.

“చెట్లు చల్లేద్దామా?” అన్నాడు వాడు. వద్దన్నాను. రెండు రోజులు ఆ పలక అలాగే ఖాళీగా ఉండిపోయింది. మూడోనాడు మా ఆవిడ ఏమీ అనకుండా ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. నంబరు అప్పటికే నొక్కేసి ఉంది.

“ఎవరూ?” అంది ఆ గొంతు. ఎనభై దాటేయి మరి, సన్నబడిపోయింది.

“అన్నయ్యా, నేనే. మన చేనికి తూర్పున ఏముండేది?”

చాలాసేపు అవతల చప్పుడు లేదు. తరవాత, “మళ్లీ కోర్టుకెళ్లేవేమిట్రా?” అన్నాడు. కాదని, రైలు సంగతి చెప్పేను. ఎంత అర్థమయిందో తెలీదు గాని అందుకున్నాడు. కాలవ తూము, దాని మీద తాటిపట్టె, చింతచెట్టు, చెట్టు కింద నాన్న కూర్చునే రాయి. నేను చెపుతూంటే మావాడు పెడుతున్నాడు.

“గట్టెక్కడ వేస్తున్నావు?” అన్నాడు ఉన్నట్టుండి.

“నువ్వెక్కడంటే అక్కడ.”

“రెండు తాళ్లకీ మధ్యన వెయ్యి” అన్నాడు కాసేపాగి. “మూడోదానికి పిడుగుపడి తల పోయింది. అదీ పెట్టు, మర్చిపోకు.”

తల లేని తాటిచెట్టు ఆటలో ఎక్కడా దొరకలేదు. మావాడు చివరికి ఒక కరెంటు స్తంభానికి తాటిమాను రంగు పూసి నిలబెట్టేడు. వచ్చే ఆదివారం అన్నయ్య చూడ్డానికి వస్తున్నాడు. ఇంజనులో కూర్చోడుట, పెట్టెలో కిటికీ పక్కన చోటు కావాలిట, చేను కనపడే వైపు.