చంపినోడికి హీరో ముఖం

పోయిన రెండు భాగాలూ సిలబస్ మీద రాశాను. చదివినోళ్లకూ, కొట్లాడినోళ్లకూ థాంక్స్. ఈసారి దయ్యాల సినిమాలు. నవ్వకండి. మా కాలేజీ పిల్లలు లంచ్ అవర్‌లో పిడికిళ్లు బిగించి వాదించుకునే విషయాల్లో ఇదొకటి: ‘మణిచిత్రతాళు’ గొప్పదా, ‘చంద్రముఖి’ గొప్పదా? ఒరిజినల్ చూసినోళ్లకు రీమేక్ చూసినోళ్లంటే చిన్నచూపు. ఏది ఎక్కువ భయపెట్టింది, ఎవరి నటన బాగుంది, ఎవరి డాన్స్ బాగుంది... చర్చ అక్కడే గిరగిరా తిరుగుతుంది. నేనడిగేది వేరే. ఆ కథలో చంపినోడికి ఎవరి ముఖం ఇచ్చారు?

ముందు లెక్క చెప్పుకుందాం. 1993లో ఫాజిల్ మలయాళంలో తీసింది ‘మణిచిత్రతాళు’. 2004లో పి. వాసు దాన్ని కన్నడంలో ‘ఆప్తమిత్ర’ చేశాడు. మన సౌందర్య ఆ సినిమా విడుదల చూడకుండానే పోయింది. 2005లో అదే వాసు, రజనీకాంత్‌తో ‘చంద్రముఖి’. 2007లో ప్రియదర్శన్ హిందీలో ‘భూల్ భులయ్యా’. 2010లో కన్నడ సీక్వెల్ ‘ఆప్తరక్షక’, అదే ఏడాది వెంకటేశ్‌తో దాని తెలుగు రీమేక్ ‘నాగవల్లి’. 2022లో ‘భూల్ భులయ్యా 2’. 2023లో ‘చంద్రముఖి 2’. ముప్పై ఏళ్లుగా ఒకే ఆడమనిషిని ఒకే బంగ్లాలో మళ్లీ మళ్లీ చంపుతున్నారు, మనం టికెట్ కొని చూస్తున్నాం.

కథ మీకు తెలిసిందే. బంగ్లా పెద్ద ఒక నాట్యగత్తెను వేరే రాజ్యం నుంచి తెచ్చి పెట్టుకుంటాడు. ఆమె ఎదురింట్లో ఉండే నర్తకుణ్ణి ప్రేమిస్తుంది. పెద్దకు తెలుస్తుంది. చంపేస్తాడు. ‘చంద్రముఖి’లోనైతే ఆమె కళ్లముందే ప్రియుడి తల నరికి, ఆమెను బతికుండగానే తగలబెడతాడు. దీన్ని మన పేపర్లు ఏమని రాస్తాయి? పరువు హత్య అని. 2018లో మిర్యాలగూడలో గర్భిణి అయిన భార్య కళ్లముందే ఒక దళిత యువకుణ్ణి నరికించిన కథకూ దీనికీ తేడా ఏముంది? 2022లో సరూర్‌నగర్‌లో ముస్లిం అమ్మాయిని పెళ్లి చేసుకున్న దళితుణ్ణి ఆమె అన్నే నడిరోడ్డు మీద చంపాడు. పాతబస్తీలో ఉంటూ ఐక్యత గురించి మాట్లాడే మనం ఆ రెండో పేరును కూడా మింగకూడదు. అసలు సంగతికొస్తే, ఈ హత్యకు సినిమాలో దక్కేది ఒక ఫ్లాష్‌బ్యాక్. మిగతా రెండున్నర గంటలూ చచ్చిపోయినామెను ఇంట్లోంచి ఎలా వెళ్లగొట్టాలన్న ఆలోచనే.

ఇక ముఖం సంగతి. మలయాళంలో ఆ హంతకుడు శంకరన్ తంపి. మోహన్‌లాల్ ఆ వేషం వెయ్యలేదు. తంపికి ఊతపదం లేదు, విజిల్ లేదు. కన్నడంలోకి రాగానే విష్ణువర్ధన్ డాక్టరూ అయ్యాడు, రాజూ అయ్యాడు. తమిళంలో రజనీకాంత్ డాక్టరూ, వేటయ్యా. ‘లకలకలక’ అన్నది ఎవరి మాట? ఒక ఆడదాన్ని సజీవంగా తగలబెట్టినవాడి మాట. దాన్ని మనం కాలేజ్ ఫెస్టుల్లో స్టేజీ ఎక్కి అనుకరించాం, చిన్నపిల్లలతో అనిపించి మురిసిపోయాం. ‘నాగవల్లి’కి వచ్చేసరికి ఆ రాజు చావనే చావలేదు, నూరేళ్లు దాటినా బతికే ఉన్నాడు, ఆ ముఖమూ వెంకటేశ్‌దే. ఒరిజినల్‌కూ రీమేక్‌కూ మధ్య జరిగిన అసలు మార్పు ఇది. బడ్జెట్టు, గ్రాఫిక్సు, పాటలు అన్నీ దీని తర్వాతే.

రెండో ముచ్చట, తెలుగు సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి నాకు ఎక్కువ గుచ్చుకునేది. ఏ భాషలో చూసినా ఆ నాట్యగత్తె వేరే ప్రాంతం మనిషే. మలయాళంలో ఆమె తంజావూరు తమిళామె. తమిళంలోకి పోతే తెలుగామె. తమిళ సినిమాలో ‘రారా’ అని పాడేది తెలుగులోనే. హిందీలోకి పోతే బెంగాలీ. ఎవరింట్లోనూ ఆమె సొంత మనిషి కాదు. కులం పేరు ఏ సినిమా చెప్పదు. చెప్పాల్సిన పని లేదు, రాజులు ఆటకూ పాటకూ తెచ్చి పెట్టుకునే ఆడవాళ్లు ఎక్కడినుంచి వస్తారో అందరికీ తెలుసు. కళావంతులు దళితులు కారు, రెండు చరిత్రల్నీ నేను కలిపేయడం లేదు. కానీ మన తెలంగాణ పల్లెల్లో జోగినిగా వదిలింది మాత్రం ఎక్కువగా మాల, మాదిగ ఆడపిల్లల్నే. దాన్ని నిషేధించడానికి 1988 దాకా ఆగాల్సొచ్చింది.

నిజంగా తంజావూరు ఆస్థానంలో ఒక భోగం స్త్రీ ఉంది. పేరు ముద్దుపళని. పద్దెనిమిదో శతాబ్దం. ఆమె దయ్యం కాలేదు, తెలుగులో ‘రాధికా సాంత్వనం’ రాసింది. ఆమె పుస్తకానికీ ‘రీమేక్’ చేశారు: పందొమ్మిదో శతాబ్దపు అచ్చులో పద్యాలు కోసేశారు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ (ఆమె కూడా దేవదాసి కుటుంబం నుంచి వచ్చిన మనిషే) పూర్తి పాఠం వెతికి అచ్చేయిస్తే వీరేశలింగం గారి లాంటి సంస్కర్తలు బూతన్నారు, బ్రిటిష్ సర్కారు నిషేధించింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రభుత్వాన్ని నడిపినప్పుడు గానీ ఆ నిషేధం పోలేదు. మాట్లాడిన నాట్యగత్తె నోరు మూయించి, మాట్లాడలేని నాట్యగత్తెతో కోట్లు సంపాదించిన సంస్కృతి మనది.

మూడోది డాక్టరు. ‘మణిచిత్రతాళు’లో దయ్యం లేదు. గంగకు వచ్చింది మానసిక జబ్బు, వైద్యం చేసేది సైకియాట్రిస్టు. 2010 నాటికి ఆ డాక్టరు ఉన్నా, కథ దయ్యం వైపు జరిగింది. ‘భూల్ భులయ్యా 2’లో మంజులిక నిజమైన ప్రేతాత్మ, పైగా చేతబడి కూడా. మొదటి సినిమా జబ్బు అన్నదాన్ని తర్వాతి సినిమా దయ్యం అంది. రీమేక్ ముందుకు పోవాలి గదా, ఇది వెనక్కి నడిచింది.

‘అది సినిమా మేడమ్, మీకు అన్నింట్లో కులమే కనిపిస్తుంది’ అనేవాళ్లు కామెంట్లలో వస్తారు. రండి. 2022 జనవరిలో జగిత్యాలలో మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో ఒక తండ్రినీ ఇద్దరు కొడుకులనూ చంపేశారు. ఎరుకల కుటుంబం. బాణామతి పేరుతో పళ్లు ఊడగొట్టడం, స్తంభానికి కట్టి కొట్టడం మెదక్ పల్లెల్లో పెరిగినోళ్లకు కొత్త కాదు. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో చట్టాలు చేసుకున్నాయి. మనకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. నేనుండే జహనుమా గల్లీల్లో పిల్లకు నిద్ర పట్టకపోతే ముందు ఆమిల్ దగ్గరికి తీసుకుపోతారు, తాయెత్తు కడతారు. అక్కడి వాళ్లను నేను తప్పుపట్టను: మానసిక వైద్యశాల ఊరికి ఆ కొసన ఎర్రగడ్డలో ఉంది, ఒక రోజు కూలీ పోతేనే అక్కడికి చేరేది. ఆ ‘ఎర్రగడ్డ’ పేరును మన తెలుగు సినిమాలు తిట్టుగా చేసి పెట్టాయి. సినిమా డాక్టరును తీసేసి మంత్రగాణ్ణి తెస్తే ఎవరి బిడ్డకు నష్టమో చూడండి. (దయ్యాల బంగ్లా అంటారు గానీ, మా డాబా మీదికెక్కితే కనిపించే ఫలక్‌నుమాలో ఒక్క దయ్యం లేదు. 2010 నుంచి తాజ్ హోటల్ నడుస్తోంది. అద్దె కట్టేవాళ్లున్న చోటికి దయ్యాలు రావు.)

అట్లని ఒరిజినల్‌ను నెత్తిన పెట్టుకోవాలని కాదు. అందులోనూ డాక్టరుకు తోడుగా నంబూద్రి తాంత్రికుడు కావాలి, ఆయన గౌరవం ఎక్కడా తగ్గదు. పైగా క్లైమాక్స్ గుర్తు చేసుకోండి. నాగవల్లికి ప్రతీకారం కావాలి కాబట్టి మనిషిని తిప్పేసి బొమ్మను ముందు పెడతారు. ఆమె బొమ్మను నరుకుతుంది. ఇంట్లోవాళ్లంతా ఊపిరి పీల్చుకుంటారు. అన్ని భాషల్లోనూ, అన్నీ మార్చినవాళ్లు కూడా, మార్చకుండా జాగ్రత్తగా ఉంచుకున్న సీను ఇదే. కేసు, విచారణ, పరిహారం అడిగే మనకు ఎన్నిసార్లు అట్లాంటి బొమ్మనే ముందు పెట్టారో మీకు నేను చెప్పనక్కర్లేదు.

వేరేగా తీయొచ్చా? తీశారు. 1992లో అమెరికాలో ‘క్యాండీమ్యాన్’ వచ్చింది. తెల్ల అమ్మాయిని ప్రేమించినందుకు మూక చంపిన నల్ల చిత్రకారుడు ప్రేతమై చికాగోలోని పేదల ఇళ్ల సముదాయంలో తిరుగుతాడు. తీసింది తెల్లవాడు, కథ నడిచేది ఒక తెల్ల పరిశోధకురాలి కళ్లతో. 2021లో నియా డకోస్టా అనే నల్లజాతి స్త్రీ అదే పేరుతో మళ్లీ తీసింది. రీమేక్ అనండి, కొనసాగింపు అనండి. అందులో క్యాండీమ్యాన్ ఒక్కడు కాదు. ఒక్కో కాలంలో మూకో, పోలీసులో చంపిన నల్లవాళ్లందరి పేరు అది. దయ్యాన్ని వెళ్లగొట్టడం ఆ సినిమా పని కాదు, దాని పేరు పలికించడం పని. అమెరికాలో విడుదలైన వారం వసూళ్లలో మొదటి స్థానం దానిదే. కాబట్టి ‘అట్లా తీస్తే ఎవరు చూస్తారు’ అనే నిర్మాతల మాట నా దగ్గర చెల్లదు.

వచ్చే భాగం ‘అరుంధతి’ మీద. గద్వాల సంస్థానం కథ చెప్పి బనగానపల్లె నవాబు బంగ్లాలో ఎందుకు తీశారు, అందులో ఫకీరుకు ఏ పని అప్పజెప్పారు అన్నది మాట్లాడుకుందాం. ఆదివారంలోపు ఒకసారి చూసి రండి, ఈసారి ఆ ఇంట్లో ఊడ్చేవాళ్లనూ వంట చేసేవాళ్లనూ లెక్కపెడుతూ.